తడబడే మాటతో ఊళ్లు తిరిగిన హైమవతి గారు

మా గురువు గారు, తాడేపల్లిగూడెం మహిళా కళాశాల పూర్వ తెలుగు అధ్యాపకురాలు వేలివెల హైమవతి గారు ఇక లేరన్న వార్త నాకు తరగతి గదిలో అందింది. ఏలూరులో నేను పనిచేసే కాలేజీలో ద్వితీయ సంవత్సరం పిల్లలకు సమాసాలు చెబుతున్నాను. ఆవిడ భర్త సత్యం గారు ఫోన్ చేసి, "మీ మేడం వెళ్లిపోయిందమ్మా పద్మా" అన్నారు. "ఎక్కడికండీ?" అని అడిగాను. వారంలో సగం రోజులు ఏదో ఒక ఊరికి బయలుదేరే మనిషి కాబట్టి నాకు ఆ ప్రశ్నే వచ్చింది. భీమడోలు వెళ్లారా, పెదపాడు వెళ్లారా, కొల్లేటి లంకల్లోకి వెళ్లారా అన్నదే నా సందేహం. ఏలూరు ఆసుపత్రి నుంచే మాట్లాడుతున్నానన్నారు ఆయన. అప్పుడు విషయం బోధపడింది. నా ముఖం చూసి పిల్లలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

ఆ ఉదయం తలారా స్నానం చేసి వచ్చి జుట్టు ఆరబెట్టుకుంటూ, ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడిపోయారట. ఏలూరు ఆసుపత్రికి చేర్చేసరికే స్పృహ లేదు. మెదడులో రెండోసారి రక్తస్రావం. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. యాభై ఏళ్లయినా నిండలేదు. నేనున్న ఊళ్లోనే, మా కాలేజీకి కూతవేటు దూరంలో ఆవిడ ఊపిరి ఆగిపోతుంటే నేను ద్వంద్వ సమాసానికి ఉదాహరణలు చెబుతున్నాను. ఈ ఊహ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు కోరారు. రాయడానికి కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు వెళ్లాలో తెలియడం లేదు. దుఃఖం మనిషిని మూగబరుస్తుందని చదువుకున్నాను. నా దుఃఖం మాత్రం నన్ను ఇంట్లో ఈ గదికీ ఆ గదికీ తిప్పుతోంది.

హైమవతి గారి పుట్టిల్లు పెదపాడు దగ్గర ఒక చిన్న పల్లె. తండ్రి వరి పండించే రైతు. మెట్టినిల్లు తాడేపల్లిగూడెం. సత్యం గారు అక్కడ ఒక రైసు మిల్లులో సూపర్‌వైజరు. నేను డిగ్రీలో చేరిన రోజుల్లో మేడం గారి వాగ్ధాటి మా ప్రాంతమంతటా ప్రసిద్ధం. గూడెంలో గానీ ఏలూరులో గానీ సాహిత్య సభ జరిగిందంటే నిర్వహణ ఆవిడదే. మైకు పాడైపోతే కంగారుపడేది నిర్వాహకులే, ఆవిడ కాదు. చివరి వరుసలో కునుకు తీస్తున్న పెద్దాయన కూడా కళ్లు తెరిచేంత స్పష్టంగా, సునాదంగా ఉండేది ఆ కంఠం. తరగతిలో ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. బెంచీల మధ్య తిరుగుతూనే పాఠం చెప్పేవారు. ఒకసారి కాలు బెణికిన రోజున కూర్చోమని బతిమాలితే, "నేను కూర్చుంటే నా మాట కూడా కూర్చుంటుందమ్మాయ్" అని కుంటుతూనే తిరిగారు.

మమ్మల్ని ఆవిడ ఉల్లిపాయల మార్కెట్‌కు పంపించేవారు. అక్కడ లారీల దగ్గర జరిగే బేరాలు విని, తలొక మాట పట్టుకురమ్మనేవారు. నేను తెచ్చిన మాట "మెత్తబడింది". సరుకు పాడవడం మొదలైందని చెప్పడానికి ఒక వ్యాపారి ఆ మాట వాడాడు. ధర తగ్గిందని చెప్పడానికి మరొకాయన అదే మాట వాడాడు. ఆ రోజు పీరియడంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. ఉల్లిపాయ మెత్తబడడానికీ, ధర మెత్తబడడానికీ, మనసు మెత్తబడడానికీ మధ్య ఉన్న దారిని ఆవిడ ఎంత రసవత్తరంగా చూపించారంటే, నేను తెలుగు తప్ప మరొకటి చదవకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఎం.ఏ. పూర్తయ్యాక అదే కాలేజీలో ఆవిడ చేతి కింద తాత్కాలిక అధ్యాపకురాలిగా చేరాను. అప్పటికి ఆవిడకు నలభై ఏళ్లు రాలేదు.

ఆ ఏడాదే కాలేజీ రజతోత్సవం. ఉత్సవాలకు ఆరు నెలల ముందు నుంచి మేడం గారు సన్నబడుతూ వచ్చారు. తెచ్చుకున్న క్యారేజీ మాకు పంచిపెట్టేవారు. ఆకలే వెయ్యడం లేదని, రాత్రిళ్లు నిద్ర కూడా పెద్దగా అక్కర్లేకపోతోందని, ఒంట్లో ఏదో కొత్త చురుకు పుట్టిందని సంతోషంగా చెప్పేవారు. హాజరు వేసేటప్పుడు చెయ్యి వణకడం చూశాను. కాఫీ ఎక్కువైందేమో అనుకున్నాం. భీమడోలులో ఉండే చిన్ననాటి స్నేహితురాలు విజయ గారు బరువు తగ్గే క్యాప్సూల్స్ అమ్ముతోందనీ, ఈవిడ అవి మింగుతున్నారనీ స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. అందులో రహస్యం ఏమీ లేదు. ఇంకొందరు కూడా తెప్పించుకుందామని అనుకుంటున్నారు.

తరువాతి కాలంలో ఈ సంగతిని ఎవరైనా మర్యాద కోసం దాటవేయబోతే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "ఆరోగ్యం కోసం వేసుకోలేదు. అందం కోసమే వేసుకున్నాను. అబద్ధం ఎందుకు?" అనేవారు. తనను అమాయకురాలిగా చిత్రించడం ఆవిడకు నచ్చేది కాదు. నేనూ చిత్రించను.

రజతోత్సవం మంచు కురిసే రోజుల్లో వచ్చింది. మేడం గారికి జలుబు పట్టుకుంది. ముక్కు దిబ్బడ వేసి, ఆ నిర్మలమైన కంఠం ముక్కుతో పలుకుతోంది. ఆవిడ భరించలేకపోయారు. ముక్కు విడవడానికి ఇచ్చే జలుబు మాత్రలు తెప్పించుకుని, పొద్దున వేసుకున్నవి చాలవని మధ్యాహ్నం మళ్లీ వేసుకున్నారు. సాయంత్రం వేదిక మీద ముఖ్య అతిథిని పరిచయం చేస్తూ మధ్యలో ఆగి, ఎడమ చెయ్యి తల మీద పెట్టుకున్నారు. తిరిగి మాట్లాడబోతే వచ్చింది తెలుగు కాదు. అక్షరాలు తెలుగువే, కానీ ఒకదానితో ఒకటి అతకడం లేదు. మేడం గారు ఏదో చమత్కారం చేస్తున్నారనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యనే ఆవిడ కుడివైపుకు ఒరిగి పడిపోయారు. జనం నవ్వు ముఖాలతోనే చప్పట్లు ఆపడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఏలూరు ఆసుపత్రిలో స్కానింగు తీసి, మెదడు ఎడమ భాగంలో నెత్తురు చిమ్మిందన్నారు. అక్కడి డాక్టరు గారు ఆవిడ ఏమేం మందులు వాడుతున్నారని అడిగితే, సత్యం గారు మర్నాడు ఆ క్యాప్సూల్స్ డబ్బా తీసుకువచ్చి చూపించారు. డబ్బా మీద ఆకుల బొమ్మ ఉంది, సహజసిద్ధం అని ఉంది. లోపల ఏముందో మాత్రం లేదు. డాక్టరు గారు డబ్బా తిప్పి తిప్పి చూసి, మెల్లగా చెప్పారు.

"ఆకలి చంపే మందులు కొన్ని రక్తనాళాల్ని బిగించేస్తాయండి. బీపీని ఒక్కసారిగా లేపుతాయి. ముక్కు దిబ్బడకి వేసుకునే మాత్రలు కొన్ని కూడా అదే పని చేస్తాయి. ఈవిడకి ముందు నుంచే బీపీ ఉండి ఉండొచ్చు, ఎవరూ చూడలేదు. దీనివల్లే అని నేను రాసివ్వలేను. కాదని కూడా చెప్పలేను."

ఆ రెండు వాక్యాల మధ్యనే హైమవతి గారి శేషజీవితం గడిచిందని చెప్పాలి. రూఢిగా తెలిస్తే మనిషి ఏడ్చి ఊరుకుంటాడు, లేదా పోట్లాడతాడు. తెలియకపోతే కుదురుండదు.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి స్వాధీనం తప్పింది, మూతి వంకర పోయింది. అంతకన్నా దారుణంగా మాట పోయింది. ఒక విచిత్రం చెప్పాలి. ఎప్పుడో కంఠస్థం చేసిన పద్యాలు ఆవిడ నోట మొదటి నుంచి చివరి దాకా అక్షరం పొల్లుపోకుండా వచ్చేవి. మంచినీళ్లు కావాలంటే మాత్రం ఆ మాట వచ్చేది కాదు. పద్యం ముగించి, దాహంతో గ్లాసు వైపు చూపిస్తూ, "అది... అది..." అంటూ ఆగిపోయేవారు. సత్యం గారిని "బీరువా" అని పిలిచారు చాలాకాలం. ఆయనా పలికేవారు. ఆ ఇంట్లో అంతవరకూ మాటలన్నీ ఆవిడవే. ఆయన మిల్లు నుంచి వచ్చి వింటూ అన్నం తినేవారు. అటువంటి మనిషి వంటింట్లో నిలబడి ఇది పోపులపెట్టె, ఇది గరిటె, ఇది పప్పు, ఇది తెడ్డు అంటూ రోజంతా మాట్లాడడం నేర్చుకున్నారు. చిన్నపిల్లకు చెప్పినట్టు కాదు, తోటి మనిషికి చెప్పినట్టు చెప్పేవారు. అందుకే ఆవిడ నేర్చుకున్నారేమో.

శాంతమూర్తిలా భరించారని రాయడానికి నా చెయ్యి రాదు. మాట చిక్కనప్పుడు గ్లాసులు విసిరేవారు. ఆవిడ వాక్యం మధ్యలో ఆగితే నేను అలవాటుగా పూర్తి చేసేదాన్ని. ఒకనాడు కళ్లెర్రజేసి, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ అన్నారు: "నా మాట... నువ్వు... చెప్పకు. నేను... వెతుకుతాను. నువ్వు... ఆగు." ఆ తరువాత ఎంతసేపైనా ఆగడం నేర్చుకున్నాను. గడియారం చప్పుడు వినిపించేంతసేపు ఆగేదాన్ని. మాట దొరికిన క్షణంలో ఆవిడ ముఖం వెలిగే తీరు చూడటానికైనా ఆగవచ్చు.

ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంట్లో కూర్చున్నారు. అదిగో, ఆ కూర్చోవడం ఎక్కువ కాలం సాగలేదు. మా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి పెళ్లి కుదిరిందని శుభలేఖ ఇవ్వడానికి వచ్చింది. చాలా సన్నబడింది. మేము అడక్కుండానే సంబరంగా చెప్పింది. "నేను కూడా క్యాప్సూల్సే వాడుతున్నానండి మేడం గారూ. మంచి రిజల్ట్ వచ్చిందండి. మీకు పడలేదు గానీ, అందరికీ అలా అవదు కదండీ." మేడం గారి పెదవులు కదిలాయి, మాట రాలేదు. పద్యం కూడా రాలేదు. లేచి వెళ్లి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, చచ్చుబడిన తన కుడి చెయ్యి మీద పెట్టి నొక్కారు. అలా నొక్కి పట్టుకునే ఉన్నారు. ఆ అమ్మాయి ఏడ్చింది. మానేస్తానంది, మానేసింది కూడా. ఆమె వెళ్లాక మేడం గారు నా వైపు తిరిగి అన్న మాట ఒక్కటే. "ఇంకా... ఎవరు?"

ఆ ప్రశ్న ఆవిడను వీధిలోకి తీసుకువెళ్లింది. మొదట భీమడోలు. రైల్లో వెళ్లాం, నేను తోడు. నా భుజాన బీపీ చూసే మిషను సంచి. విజయ గారు తలుపు తీసి, మేడం గారిని చూసి తెల్లబోయింది. కుర్చీలు వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, ఎదురుగా నిలబడే మాట్లాడింది.

"నువ్వు కేసు పెడతావేమోనని ఏడాదిగా నాకు నిద్ర లేదు హైమా. నా దగ్గర కొనుక్కున్నవాళ్లు ఎంతమంది లేరు చెప్పు, అందరూ బాగానే ఉన్నారు. నీకు లోపల ఇంకేదో జబ్బు ఉండి ఉంటుంది."

మేడం గారు తల ఊపి, "నువ్వు... వేసుకుంటున్నావా?" అని అడిగారు. వేసుకోకుండా ఎలా అమ్ముతానంది ఆమె. మేడం గారు నాకు సైగ చేశారు. విజయ గారు వద్దంటున్నా ఎడం చేత్తో ఆమె జబ్బ పట్టుకుని కూర్చోబెట్టారు. నేను పట్టీ చుట్టి చూశాను. చూసి, మిషను చెడిపోయిందేమోనని నాకు చుట్టుకుని మళ్లీ చూశాను. చెడిపోలేదు. విజయ గారి రంగు మారిపోయింది. మేడం గారు ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, "పోట్లాటకి... రాలేదు. నువ్వు... పడిపోతావని... వచ్చాను" అన్నారు. ఆ వాక్యం పూర్తవడానికి చాలాసేపు పట్టింది. విజయ గారు మధ్యలో అందించలేదు, లేచి వెళ్లలేదు. తల వంచుకుని విన్నది.

ఆమె మందు మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లిందని తెలిసింది. వ్యాపారం మానేసిందో లేదో ఎంత విచారించినా నాకు తెలియలేదు. మానేసిందని కొందరు, మరో ఊరికి మార్చిందని కొందరు అన్నారు. ఈ అర్ధసత్యాలు మేడం గారిని నిలవనిచ్చేవి కావు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చోలేక తలుపు దగ్గర నిలబడే వచ్చారు.

తరువాత మందుల కొట్లు. గూడెంలో కరీముల్లా గారి కొట్టు పాతది, పేరున్నది. జలుబు మాత్ర అడిగినవాళ్లను బీపీ ఉందా అని ఒక్క మాట అడగమని మేడం గారు ఆయనను కోరారు. ఆయన మర్యాదగానే విసుక్కున్నారు. జలుబు మాత్రకు కూడా ఆరాలు తీస్తే కొట్టు మూసుకోవాలన్నారు. ఈవిడ మర్నాడు మళ్లీ వెళ్లారు. ఆ మర్నాడూ వెళ్లారు. కొట్టు మెట్ల పక్కన నిలబడి, వచ్చినవాళ్లను తానే అడగడం మొదలుపెట్టారు. వంకర పోయిన మూతితో, వేలాడే చేతితో ఒకావిడ "బీపీ... ఉందా... అండీ?" అని అడుగుతుంటే జవాబు చెప్పకుండా పోయేవాళ్లు తక్కువ. చివరికి కరీముల్లా గారు బయటికి కుర్చీ వేయించి, "మీరు కూర్చోండి మేడం గారూ, నేను అడుగుతానండి" అన్నారు. ఆవిడ కూర్చోకుండా ఇంటికి వచ్చేశారు. అంత్యక్రియల రోజున ఆయన మేడం గారి ఇంటి గేటు బయట నిలబడి ఉన్నారు. అడిగితే విసుక్కుని పక్క కొట్టుకు పోయేవాళ్లున్నారనీ, అయినా అడగడం మానలేదనీ నాతో చెప్పారు. ఆ మాట ఆవిడకు చెప్పే వీలులేక నాతో చెప్పారని అర్థమైంది.

ఆవిడ మాట్లాడిన ఒక సభలో ఒక వైద్యుడు ఆవిడను గట్టిగానే నిలదీశారు. లక్షలమంది జలుబు మాత్రలు వేసుకుంటున్నారు, వాళ్లందరికీ పక్షవాతం వచ్చిందా, మీరు జనాన్ని భయపెడుతున్నారు అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. మేడం గారికి కోపం రాలేదు. చాలాసేపు వెతుక్కుని, "అందరికీ... కాదండి. ఎవరికో... నాకు తెలీదు. మీకు... తెలుసా అండీ?" అన్నారు. ఆయన తెలియదని ఒప్పుకున్నారు. అంతే కాదు, బీపీ ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదని, చెప్పినదానికన్నా ఎక్కువ వేసుకోకూడదని, పేరూ ఊరూ లేని సన్నబడే మందుల జోలికి అసలు పోకూడదని అదే మైకులో ఆయనే చెప్పారు. ఆ వైద్యుని పట్ల నాకు గౌరవం కలిగింది.

కొల్లేరు వైపు చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్లిన రోజు మరచిపోలేను. చలికాలంలో తెల్లవారకముందే నీళ్లలో దిగి వల లాగే మనుషులు. జలుబు వాళ్లకు నిత్యం. మాత్రలు జేబుల్లోనే ఉంటాయి. చేపల పట్టుబడి ముగించుకుని గట్టు మీద అన్నాలు తింటుండగా మేడం గారు మాట్లాడారు. నాలుక ఆవిడను అప్పటికీ మోసం చేస్తూనే ఉండేది. "తల పగిలిపోయేలా నొప్పి వస్తే" అనబోయి, "వల... పగిలిపోయేలా... నొప్పి వస్తే" అన్నారు. ఒక పెద్దాయన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, "వల చిరుగుద్దండి మేడంగారూ, పగలదండి" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ ఆవిడే నవ్వారు. అప్పటి నుంచి చెరువుల దగ్గర కావాలనే ఆ మాట వాడేవారు. వల పగిలినట్టుంటే, మూతి వంకర పోతే, చెయ్యి లేవకపోతే, ఒక్క క్షణం ఆగవద్దు, ఆసుపత్రికి పొమ్మనేవారు. మూతి ఎలా వంకర పోతుందో చూపించడానికి ఆవిడకు బొమ్మలు అక్కర్లేదు.

కొన్నాళ్లకు ఒక మిట్టమధ్యాహ్నం మేడం గారికి ఫోన్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. నాగమణి అనే ఆవిడ, ఆటోలోంచి మాట్లాడుతోంది. ఆ రోజు గట్టు మీద మా మాటలు విన్నవాళ్లలో ఆమె ఒకతె. "మా ఆయన వల పట్టుకుని కూలబడిపోయాడండి. మీరు చెప్పిన వలండి. మూతి మీలాగే పోయిందండి. ఏలూరు తీసుకెళ్తన్నానండి" అంది. ఎండ దెబ్బ అనీ, గాలి సోకిందనీ పక్కవాళ్లు ఆపబోతే ఆగలేదట. సమయానికి చేర్చింది కాబట్టి మనిషి దక్కాడు. కొంచెం కుంటుతాడు, అంతే. అతనికి చాలాకాలంగా బీపీ ఉంది. మూడు నాలుగు రోజులుగా జలుబు మాత్రలు మింగుతూ చెరువులో దిగుతున్నాడు. మాత్రల వల్లే అని అక్కడి డాక్టర్లూ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

ఆసుపత్రిలో నాగమణి మేడం గారి కాళ్ల మీద పడబోయింది. ఆవిడ వెనక్కి తగ్గి, ఎడం చేత్తో ఆమెను లేపి, ఆ చెయ్యి వదలకుండా నిలబడ్డారు. అంత పని చేసిన మనిషి సంతోషించి విశ్రమించాలి కదా. బయటికి రాగానే నాతో, "మరి... ఆ పక్క... ఊరు?" అన్నారు. ఆ పక్క ఊరుకూ వెళ్లాం. దాని పక్క ఊరుకూ వెళ్లాం. సత్యం గారు ఏనాడూ వద్దనలేదు. బస్సు కదిలేదాకా నిలబడి, ఆవిడ కుడి చేతిని సంచి మీద సర్ది దిగేవారు.

రెండోసారి రక్తస్రావం ఎందుకు జరిగిందని పెద్దకర్మ నాడు వచ్చినవాళ్లంతా అడిగారు. ఇన్నేళ్లూ ఒక్క జలుబు మాత్ర కూడా వేసుకోలేదు కదా, మరి దేనివల్ల అన్నారు. మాత్రల మీద నింద వేసి ఊరూరా తిరిగింది, చూశావా అన్నట్టు ఒకరిద్దరు గొణిగారు. ఒకసారి దెబ్బతిన్న నాళాలు, వదలని బీపీ అని డాక్టర్లు చెప్పినది చెప్పాను. వాళ్లు విన్నారో లేదో. నాకే తృప్తిగా అనిపించలేదు. ఆవిడ ఉంటే, తెలియనిదాన్ని తెలియదని ఎదుటివాడు తలవంచేలా చెప్పేవారు. నేను తెలిసినదాన్ని చెప్పినా సంజాయిషీలా ఉంది.

ఉండిలో ఒక జూనియర్ కాలేజీకి ఆవిడ మాట ఇచ్చి ఉన్నారు. ఆ తేదీ రానే వచ్చింది. అక్కడి ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, "మేడం గారు లేరు కదండీ, మీరైనా వస్తారా అండీ?" అని అడిగారు. వెళ్లాను. దాదాపు గంటసేపు మాట్లాడాను. ఎక్కడా తొట్రుపాటు లేదు. రక్తనాళాల గురించి, బీపీ గురించి, డబ్బా మీద ఏమీ రాయని మందుల గురించి, ఆవిడ జీవితం గురించి క్రమంగా, ధారగా చెప్పాను. ఆవిడ నేర్పిన తెలుగే అది. పిల్లలు మర్యాదగా కూర్చున్నారు, మర్యాదగా చప్పట్లు కొట్టారు. చాలా బాగా మాట్లాడారండి అని ప్రిన్సిపాల్ గారు మెచ్చుకున్నారు. గేటు దగ్గర నా ముందు నడుస్తున్న ఇద్దరమ్మాయిల్లో ఒకతె రెండో ఆమెతో, "మా అక్క అవే వాడుతుందే. ఏమవలేదు" అంది. రెండో ఆమె ధర ఎంతని అడిగింది.

నా ప్రసంగమంతా ఆ పిల్లల మీదుగా గాలిలా వెళ్లిపోయింది. ఆవిడ మాట అలా వెళ్లిపోయేది కాదు. ఆవిడ ఒక మాటకోసం వెతుకుతూ నిలబడితే, సభలో ప్రతివాడూ ఆ మాటకోసం తానూ వెతికేవాడు. దొరికాక దాన్ని వదిలిపెట్టలేకపోయేవాడు. నోరు బాగున్నవాళ్లం, మేము ఆ పని ఎలా చెయ్యగలం?

ఆ అమ్మాయిని ఆపి, వాళ్ల అక్క నంబరు అడిగి తీసుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు చేశాను, ఎత్తలేదు. ఈ వ్యాసం రాస్తూ మధ్యలో లేచి కూడా చేశాను. కొత్త నంబరు, ఎందుకు ఎత్తుతుంది? భీమవరం పక్కన ఆమె అత్తవారి ఊరట. చెల్లెలిని అడిగి ఇంటి గుర్తులు కనుక్కున్నాను.

గురువులకు అక్షర నివాళి అర్పించి, అశ్రుతర్పణం చేసి ముగించడం మన సంప్రదాయం. అమ్మా, గురుదేవీ, మీ పాదాలకు నమస్కారం. మీరు లేని లోటు తీరదని అందరూ అంటున్నారు, అది ఎంత నిజమో నాకు ఉండి కాలేజీ గేటు దగ్గర తెలిసింది. రేపు పొద్దున బస్సుకు ఆ ఊరు వెళుతున్నాను. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో నాకు అంతా తెలుసు. ఒక్క మాట కూడా తడబడదు. వింటుందో లేదో తెలియదు.